కుంచము క్రింది దీపము

సందె వేళ వెలిగించిన దీపమును గూర్చి 'ఆర్పుము' అను మాట మన యిండ్లలో పెద్దలు సహింపరు. నూనె తరిగి ఆరినచో దీపము కొండెక్కినది అందురు. మనమే ఆర్పవలసి వచ్చినచో ఘనము చేయుము అందురు. మా ముప్పాళ్ళ ప్రాంతమున క్రైస్తవ గృహములందును ఈ మాటలే వినవచ్చును. మతము మారిన కుటుంబములు పెక్కు ఆచారములను విడిచినవి గాని, దీపమునెడ ఈ మర్యాదను మాత్రము విడువలేదు. విడువవలసిన పనియు లేదు.

ఇందులో ఒక చమత్కారము కలదు. మన నుడికారమున కొండెక్కిన దీపము ఆరిపోయిన దీపము. క్రీస్తు ప్రభువు కొండమీద చేసిన ప్రసంగములో నన్ననో, కొండమీద నున్న పట్టణము మరుగుపడనిది, అందరికిని కానవచ్చునది. ఆ పోలిక వెనువెంటనే దీపము మాట వచ్చును. దీపమును వెలిగించి కుంచము క్రింద నుంచువారు లేరనియు, దీపస్తంభముపై నుంచినచో ఇంటిలోని వారికందరికిని వెలుగు కలుగుననియు ఆయన చెప్పిన దాని సారాంశము. మత్తయి సువార్త అయిదవ అధ్యాయమున ఉన్న ఈ భాగము వినని క్రైస్తవుడు ఉండడు. వినుటకును ఆలోచించుటకును మధ్య దూరము కలదు గనుక, ఈ కుంచమును కొంచెము తిరగవేసి చూడదలచినాము.

కుంచమును ఇప్పటి పిల్లలు చూచి యుండరు. నాలుగు మానికలు ఒక కుంచము. నాలుగు కుంచములు ఒక తూము. ఇరువది తూములు ఒక పుట్టి. 1956లో కొలతల చట్టము వచ్చి, 1958 నుండి మెట్రిక్ తూనికలు అంచెలంచెలుగా అమలులోనికి రాగా, కుంచము మెల్లగా అటుకపైకి చేరినది. అంతకు ముందు పల్లెటూరి బ్రతుకంతయు దానిలోనే పడి లేచెడిది. కూలి కుంచముతో కొలిచెడివారు. అప్పు కుంచముతో ఇచ్చి కుంచముతో రాబట్టెడివారు. విత్తనమునకు కుంచమే, దానమునకు కుంచమే. సువార్త మూలమున గల గ్రీకు పదము మోదియోస్ అనునది. అదియు రోమీయుల కాలమున ధాన్యము కొలిచెడి పాత్రయే. ఇంచుమించు తొమ్మిది లీటర్లు పట్టును. తెలుగు చేసిన వారు దానికి బుట్ట అనియో గంప అనియో వ్రాసి తప్పించుకొనక, సరిగా కుంచము అని వ్రాసినారు. ఆ ఒక్క మాటతో ఆ ప్రసంగము మన కళ్ళములోనికి వచ్చినది.

దీపమును కప్పుటకు ఇంటిలో ఎన్ని వస్తువులు లేవు? కుండ కలదు, చేట కలదు, బుట్ట కలదు. ప్రభువు కొలపాత్రనే ఏల పేర్కొనెను? ఆ కాలపు పేదయింటిలో చేతికందునది అదియే గనుక అని పండితులు చెప్పుదురు. అది సరియే కావచ్చును. అయితే కుంచముతో కూలి పుచ్చుకొన్న వారి సంతతికి ఇంకొక అర్థము తోచును. ఇచ్చునప్పుడు అంచుతో సమముగా తలకొట్టిన కుంచము, పుచ్చుకొనునప్పుడు రాశిగా పోసిన కుంచము అని రెండు రకములుండెడివి. అడుగు ఎత్తుచేసిన కుంచములును ఉండెడివి. అట్టి కొలతలు పట్టపగలు నలుగురి యెదుట సాగవు. మసక చీకటిలో, ఒక్క బుడ్డిదీపపు పొగలో సాగును. కనుక దీపమునకును దొంగ కుంచమునకును పొత్తు కుదరదు. రెండింటిలో నొకటి పైన నుండవలెను. దీపము పైన నున్నచో కుంచములోని లోపము కనబడును. కుంచము పైన నున్నచో దీపము కనబడదు. కనబడకపోవుటయే కాదు, గాలియాడక కాసేపటిలో కొండెక్కును. దాచిన వెలుగు దాచిన ధనము వంటిది కాదు. దాచిన యెడల మిగులదు.

వెలుగు అనగా పరిశుద్ధ గ్రంథమున మొదటి పుటలోనే వచ్చు మాట. ఆదికాండమున దేవుడు మొదటి దినమున వెలుగును కలుగజేసెను. సూర్యచంద్రులను నాలుగవ దినమున గాని నియమింపలేదు. సూర్యుడు లేక వెలుగెట్లు కలిగెనని మన బళ్ళలో తెలివిగల పిల్లవాడెవడో ఒకడు అడుగక మానడు. అడుగుట మంచిదే. చుట్టునున్న జాతులు సూర్యుని దైవముగా కొలిచెడి కాలమున, సూర్యుడు సైతము ఒక దీపమే, వెలుగునకు యజమాని కాడు అని చెప్పుట ఆ వరుసలోని ఉద్దేశ్యమని మేము అనుకొందుము. వెలుగు ఎవరి సొత్తును కాదు. సూర్యునికే సొత్తు కానిది మనకెట్లగును?

ఈ మాటయే యోహాను సువార్తలో ఇంకొక విధముగా వచ్చును. యెరూషలేమున పర్ణశాలల పండుగ జరిగెడిది. పండుగ రాత్రులలో దేవాలయపు ఆవరణమున ఎత్తయిన బంగారు దీపస్తంభములను వెలిగించెడివారనియు, యాజకుల పాతబడిన వస్త్రములను చింపి వాని వత్తులు చేసెడివారనియు యూదుల ప్రాచీన గ్రంథమైన మిష్నా చెప్పుచున్నది. పాతపంచె చింపి వత్తులు చేయు మన అమ్మమ్మలకు ఇది వింత గాదు. ఆ పండుగ దినములలో ఆ దేవాలయమునందే ప్రభువు తాను లోకమునకు వెలుగునని ప్రకటించెను. కొండమీది ప్రసంగములో నన్ననో, విను జనులను జూచి మీరే లోకమునకు వెలుగనెను. చెరువులు దున్నువారు గాక చేపలు పట్టువారు, పన్ను కట్టలేనివారు, జబ్బుతో మోసుకొని రాబడినవారు ఆ గుంపులోని వారు. మీరు వెలుగు కావలెనని ఆయన అనలేదు, అయియున్నారనెను. ఆయనయు వెలుగే, వారును వెలుగే అనుట ఎట్లు పొసగును?

లాంతరు తుడిచిన చేతులకు ఈ సందేహము త్వరగా తీరును. పొద్దు వాలకమునుపే గాజు చిమ్నీని ఊడదీసి, మెత్తని బూడిదయో ముగ్గుపిండియో అద్ది, పాతగుడ్డతో తుడుచుట ఇంటిలో ఆడపిల్లల పనిగా ఉండెడిది. చేయి చిన్నదిగా నున్నచో గాజులోనికి సులువుగా పోవును గదా. ఆ గాజునకు తన వెలుగు లేదు. అయినను అది మసిబారినచో లోపల ఎంత వత్తి మండినను ఇల్లు చీకటిగానే ఉండును. నిన్న తుడిచితిమి గదా అని నేడు మానుటకు వీలులేదు. వెలిగిన ప్రతి రాత్రియు మసి పట్టును. భక్తి యనునది ఒక్కసారి వెలిగించి వదలునది కాదని చెప్పుటకు పెద్ద వ్యాఖ్యానములు మాకెన్నడును అవసరము కాలేదు.

పల్నాటికి ఈ బోధ వచ్చిన విధమును కొంత చెప్పవలెను. జాన్ క్రిస్టియన్ ఫ్రెడెరిక్ హయ్యర్ అను లూథరన్ మిషనరీ 1842 జూలై 31వ తేదీన గుంటూరు చేరెను. ఆయన 1793లో జర్మనీ దేశమున పుట్టి అమెరికాలో స్థిరపడినవాడు. గుంటూరు వచ్చునాటికి ఏబదియేండ్లకు చేరువలో నుండెను. నడుమ అమెరికాకు పోయి 1847లో వైద్యపట్టము పుచ్చుకొని మరల వచ్చి, 1849లో గురజాలను కేంద్రముగా చేసికొని పల్నాటిలో పని ప్రారంభించెను. పెద్దలాయనను హయ్యరు తండ్రిగారనియే పిలిచిరి. తరువాతి కాలమున నరసరావుపేటలో అమెరికన్ బాప్తిస్టులును, రెంటచింతల, ఫిరంగిపురము వైపున కథోలికులును విస్తరించిరి. ఆయా సంఘముల మధ్య నున్న భేదములను గూర్చి చెప్పుట నేటి ప్రసంగమునకు పనిలేదు. వారందరును సామాన్యముగా చేసిన పని యొకటి కలదు: ప్రార్థన యింటి ప్రక్కనే బడి పెట్టుట.

బడి యనగా మనకు పగటి బడి జ్ఞప్తికి వచ్చును. పగలంతయు కూలికి పోవు వారికి పగటి బడి ఎట్లు కుదురును? పల్లెవాసులకు ఆరాధనయైనను అక్షరములైనను రాత్రియే. పొలమునుండి వచ్చి, సంకటి తిని, పిల్లను చంకనెత్తుకొని, చేత లాంతరుతో ప్రార్థన యింటికి నడచిన తరములు రెండు మూడు గడచినవి. లాంతరులు లేనివారు ఉన్నవారి వెనుక నడచెడివారు. ఒక్కొక్క యింటివారు ఒక్కొక్క రాత్రి కిరసనాయిలు తెచ్చుట వంతు. ఆ వంతు తప్పినచో సంఘపెద్దల యెదుట మాట పడవలసి వచ్చెడిది! ఆ వెలుగులో నేర్చిన అక్షరములు మొదట కీర్తనలు చదువుటకు పనికివచ్చినవి. పిదప ఇంకొక పనికిని వచ్చినవి. తాను వేలిముద్ర వేయబోవు కాగితమున ఏమి వ్రాసి యున్నదో చదువుకొనగలిగినవాని అప్పు, చదువుకొనలేనివాని అప్పువలె రాత్రికి రాత్రి పెరుగదు. ప్రామిసరీ నోటుపై అంకె ప్రక్కన సున్న చేర్చిన వృత్తాంతములు మా ప్రాంతపు వృద్ధులు ఇప్పటికిని చెప్పుకొందురు. అవి చెప్పునప్పుడు వారు నవ్వుదురు గాని, విను మనకు నవ్వు రాదు. వెలుగు ఆత్మకు సంబంధించినది మాత్రమే, అప్పులకును కూలికిని సంబంధించినది గాదు అని చెప్పువారు ఆ కాగితములను చూడలేదని మా అభిప్రాయము.

మన జిల్లాలోని వినుకొండలో 1895లో పుట్టిన గుఱ్ఱము జాషువా కవిగారిని ఇచ్చట తలపకుండుట న్యాయము కాదు. ఆయన క్రీస్తు చరిత్రము కావ్యమునకు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినది. అయితే వెలుగు మాట వచ్చినప్పుడు మాకు ముందుగా తోచునది 1941లో వెలువడిన గబ్బిలము. ఊరిచే వెలివేయబడిన పేదవాడు తన మొరను కాశీలోని శివునికి విన్నవించుటకు ఒక గబ్బిలమును దూతగా పంపుట దాని కథ. హంసయు మేఘమును దూతలైన కావ్యములు మనకు కలవు. చీకటిలో తిరుగు ప్రాణిని ఏల ఎన్నుకొనెను? గర్భగుడిలో దీపము వెలుగుచున్నది గాని ఆ దీపపు కాంతి పడుచోట నిలుచుటకు ఆ మనుష్యునకు అధికారము లేదు, గబ్బిలమునకు అడ్డులేదు. దీపము చాలనంత మాత్రమున చీకటి కలుగదు. దీపము దగ్గరకు రానీయకపోవుటవలనను కలుగును. ఈ సంగతి ఆ కావ్యము చదివిన పిదప మరచుట కష్టము.

ఇంతవరకు చెప్పినది ఇతరులను గూర్చి చెప్పినట్లు వినబడుచుండవచ్చును. మన యింటిమాట చెప్పుకొనక తప్పదు. గుంటూరు సీమలో ఒక మిషను ఒక కులమువారి నడుమను, మరియొక మిషను మరియొక కులమువారి నడుమను ఎక్కువగా వ్యాపించినది. దాని ఫలితముగా కొన్ని గ్రామములలో రెండు ప్రార్థన మందిరములు, కొన్నిచోట్ల రెండు సమాధుల తోటలు ఏర్పడినవి. రెండింటిలోను అదే గ్రంథము, అదే కొండమీది ప్రసంగము. క్రిస్మసు వచ్చినప్పుడు ఊరికి ఈ చివర నొక నక్షత్రము, ఆ చివర నొక నక్షత్రము. తూర్పుదేశపు జ్ఞానులు ఒక్క నక్షత్రమునే వెంబడించి వచ్చిరి గదా; మన యూరికి వచ్చియుండినచో ఎటు పోవుటయో తెలియక వీధిలో నిలిచిపోయి యుందురు. పెండ్లి సంబంధము మాట వచ్చినప్పుడు ఈ గోడ ఎంత ఎత్తో తెలియును. నేడు క్రొత్తగా మేడలు కట్టిన యువకులకును ఈ గోడ కనబడుచున్నదో లేదో గాని, వారు దానికి సున్నము కొట్టుచునే ఉన్నారు. ఇదియు ఒక కుంచమే. ఎదుటివానిని కొలుచు కొలపాత్రనే మనము మన దీపముపై బోర్లించినాము.

నక్షత్రము మాట వచ్చినది గనుక ఒక చిన్న సంగతి. కార్తిక మాసమున గుడి ధ్వజస్తంభముపై ఆకాశదీపము ఎత్తుట మనకు తెలిసినదే. అది దింపిన కొన్నాళ్ళకే క్రైస్తవుల యిండ్లపై వెదురుగడలు లేచును. వెదురు బద్దలను అయిదు మూలలుగా కట్టి, రంగుకాగితము అంటించి, నడుమ దీపము పెట్టుట మునుపటి పద్ధతి. ఇప్పుడు సంతలో తయారైనవి దొరకుచున్నవి, లోపల కరెంటు బల్బు వేయుచున్నారు. కాగితపు నక్షత్రములు ఒక రాత్రి మంచుకు తడిసి, రెండవ రాత్రి గాలికి చిరిగి, పండుగనాటికి సగమగుట పరిపాటి. చిరిగిన నక్షత్రమునకు అతుకులు వేయుటలో ఉన్న సందడి కొన్నదానిలో లేదని మా తరమువారి గొణుగుడు. ఎవరి మతమేదైనను, చలికాలపు చీకటిలో వెదురుగడ చివర దీపము పెట్టి, దూరమునుండి వచ్చువానికి ఇక్కడ మనుష్యులున్నారని తెలుపుట ఈ నేలకు పాత అలవాటే.

కరెంటు వచ్చిన పిదప దీపమునకు అర్థము తరిగినదని కొందరందురు. 1955లో శంకుస్థాపన జరిగి 1967లో కాలువలకు నీరు వదలబడిన నాగార్జునసాగరము పల్నాటి మెట్టనేలలకు నీటినిచ్చినది. ప్రత్తియు మిరపయు విస్తరించినవి. ఇప్పుడు మీట నొక్కినచో గది అంతయు తెల్లబడును. అయినను మిరపకాయలు ఏరు స్త్రీలను అడిగి చూడుడు. మిరప కల్లములో రంగు మారిన తాలుకాయలను మంచికాయలనుండి వేరుచేయు పని పగటి వెలుతురులోనే సాగవలెను. బల్బు క్రింద ఎర్రనిదంతయు ఒకటే ఎరుపు. ఏది తాలో ఏది మేలో ఎండలో పట్టి చూచినగాని తేలదు. ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో పౌలు అపొస్తలుడు మంచితనము, నీతి, సత్యము అను మూడింటిని వెలుగునకు ఫలముగా చెప్పెను. వెలుగునకు ఫలమేమిటని ఆక్షేపించువారు కల్లము ప్రక్కన ఒక పూట కూర్చుండవలెను.

వెలుగు పట్టుకొనువారిని గూర్చి ఒక మాట. పూర్వము పెండ్లి ఊరేగింపులలో చాకలివారు దివిటీలు పట్టెడివారు. పిదప పెట్రోమాక్సు దీపములను తలపై మోయు కూలివారు వచ్చిరి. పెండ్లికుమారుని ముఖము అందరికిని కనబడెడిది. దివిటీ పట్టినవాని ముఖము ఎవరికిని జ్ఞాపకముండదు. నూనె కారి చేయి కాలినను అతడు వరుస తప్పరాదు. మత్తయి సువార్తలో పదిమంది కన్యకలు దివిటీలతో పెండ్లికుమారునికై ఎదురుచూచిన ఉపమానము కలదు. నూనె సిద్ధముచేసికొన్నవారు అయిదుగురు, చేసికొననివారు అయిదుగురు. దానిపై ప్రసంగించువారు సాధారణముగా రాకడను గూర్చి హెచ్చరింతురు. మాకు మాత్రము ఆ దివిటీలు పట్టిన చేతులు కనబడును. తాను కనబడుటకు గాక ఇంకొకరి ముఖము కనబడుటకై దీపము పట్టుట మన యూళ్ళలో హీనమైన పనిగా ఎంచబడినది. సువార్తలో అదియే అతిథి గౌరవము.

ఆ పనిని వృత్తిగా చేసికొన్న ఆడపిల్లలు మన పల్లెలనుండి అనేకులు బయలుదేరిరి. గుంటూరులో డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, 1897లో ఆసుపత్రి నెలకొల్పిన నాటి తరువాత, క్రైస్తవ కుటుంబముల బాలికలకు నర్సు పని గౌరవమైన బ్రతుకుతెరువు అయినది. నర్సు శిక్షణలో చేరిన పిల్లలు చేత దీపము పట్టి ప్రతిజ్ఞ చేయుట నేటికిని ఆచారము. క్రిమియా యుద్ధకాలమున స్కుటారీ ఆసుపత్రిలో రాత్రులు దీపముతో రోగుల మధ్య తిరిగిన ఫ్లారెన్స్ నైటింగేలు స్మృతికై అది ఏర్పడినది. ప్రతిజ్ఞనాడు తల్లిదండ్రులు పల్లెనుండి బస్సెక్కి వచ్చి వెనుక వరుసలో కూర్చుందురు. తమ తల్లులు ప్రార్థన యింటికి లాంతరు మోసిన సంగతి వారిలో కొందరికైనను తోచకపోదు.

ఇక పునరుత్థాన పండుగ. దానిని గూర్చి చెప్పి ముగింతుము. పండుగకు ముందే సమాధుల తోటలో గడ్డి చెక్కి, సమాధులకు సున్నము వేయుదురు. ఆదివారము ఇంకను చీకటి యుండగనే, నాలుగు గంటల వేళ, స్త్రీలు పూలబుట్టలతోను పురుషులు క్రొవ్వొత్తుల కట్టలతోను బయలుదేరుదురు. చీకటి యుండగనే సమాధియొద్దకు పోయిన మగ్దలేనే మరియ వలె అని బోధకులు చెప్పుదురు. పోవు వారికి అంత ఆలోచన ఉండదు. ఎవరి తల్లి సమాధి, ఎవరి బిడ్డ సమాధి వారికి ముఖ్యము. ఒక్కొక్క సమాధికి ఒక్కొక్క వత్తి. పేరు చెక్కించు స్తోమతు లేక మట్టిదిబ్బగా మిగిలిన సమాధులు కొన్ని యుండును. తమవారి సమాధులపై వెలిగించిన పిదప మిగిలిన వత్తులను ఎవరో ఒకరు ఆ దిబ్బలపైనను నిలిపి పోవుదురు. ఎవరు చెప్పిరని చేయుదురో తెలియదు.

చేలగాలికి వత్తులు మాటిమాటికి ఆరును. ఆరినప్పుడు అగ్గిపెట్టెకై వెదకరు. ప్రక్క సమాధిమీది వత్తినుండి అంటించుకొందురు. ప్రక్క సమాధి ఎవరిదని ఆ చీకటిలో అడుగు అలవాటు లేదు. రెండు తోటలున్న ఊరిలో గట్టుమీద నిలిచి చూచినచో, పొలమునకు ఈ వైపున కొన్ని చుక్కలు, ఆ వైపున కొన్ని చుక్కలు కనబడును, నడుమ మిరపచేను. ఏ చుక్క ఏ తోటదో పోల్చుట కష్టము. ఇంతలో తూర్పున తెల్లవారును. ఎండ పొడ వచ్చినకొలది వత్తుల మంటలు వెలవెలబోవును, కీర్తన ముగియును, పెద్దలు ఆరాధనకు త్వరపడుదురు. పిల్లలు మాత్రము వెనుక నిలిచి, సమాధులపై కరిగి గడ్డకట్టిన మైనపు ముద్దలను గోళ్ళతో ఒలుచుకొని జేబులలో వేసికొందురు.